అతిథి లేచే వేళకి

"పెరట్లో లేదు, మేడ మీదా లేదు. నీ పెళ్ళాం ఇంట్లోనే లేదురా!" అంది తల్లి.

అతను స్టవ్ ముందు నిలబడి టీపొడి డబ్బా కోసం వెతుకుతున్నాడు. "ఫోన్ చెయ్యమ్మా."

"చేశాను. మంచం మీదే మోగుతోంది."

"బాబూ, వేడినీళ్ళు వస్తాయా?" ముందుగదిలోంచి వినిపించింది. నిన్న దిగిన పెద్దాయన. మర్యాదస్తుడే గానీ, లేచిన దగ్గర్నించీ ఆ మాటే అడుగుతున్నాడు.

"వచ్చేస్తున్నాయి సార్!" అని అతను అటు తిరిగేసరికి, ఇటు పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది.

ఆ ఊళ్ళో ఖాళీ గది ఉన్నవాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళు వంతుల ప్రకారం ఒక్కో ఇంట్లో డబ్బిచ్చి దిగుతారు. పోయినసారి పక్కలో చీమలున్నాయని వీళ్ళ మీద ఫిర్యాదు వెళ్ళింది. ఇంకోటి వెళ్తే ఈ ఇంటికి ఇక అతిథుల్ని పంపరు. దీన్ని నమ్ముకునే అతను కొట్లో గుమస్తా పని మానేశాడు.

"ఇంత పొద్దున్నే ఎక్కడికి పోయుంటుంది?"

"నన్నడుగుతావేం? నిన్న నడుం పట్టేసిందంటే నువ్వేమన్నావ్?"

"అతిథి వెళ్ళాక పడుకోమన్నాను."

"ఈయన వెళ్తే ఇంకొకాయన వస్తాడుగా!"

"అంత జాలి ఉన్నదానివి, నేను చేస్తాలే తల్లీ అనలేకపోయావా?"

"కంటి ఆపరేషనయిన దాన్ని పొయ్యి దగ్గరికి తోస్తావురా?" అని తల్లి కళ్ళజోడు సర్దుకుని పోయి కూర్చుంది.

మొదట చేసిన టిఫిన్ మాడింది. తర్వాతది ముద్దయింది. తువ్వాలు కోసం అలమర తెరిస్తే దిండు గలేబులన్నీ నెత్తిన పడ్డాయి. ఎలాగో టీ తీసుకెళ్ళి ఇస్తే, పెద్దాయన ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాడు.

"ఏమీ అనుకోకు బాబూ, ఇందులో ఉప్పు పడినట్టుంది."

అతనికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. 'ఇంటికి రానీ, చెప్తా దాని సంగతి!' అని పళ్ళు నూరుకుంటూ టైలరమ్మ ఇంటికి పరుగెత్తాడు. ఆమెదీ సంఘంలో ఉన్న ఇల్లే.

టైలరమ్మ అరుగు మీద కూర్చుని జాకెట్‌కి కాజాలు కుడుతోంది. ఆమె మొగుడు గుమ్మంలో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఇదేం విడ్డూరమని అడిగే తీరిక కూడా అతనికి లేదు.

"చెల్లెమ్మా, నా పరువు నిలబెట్టు. ఒక్కసారి వచ్చి వంట చేసిపెట్టు."

"మెల్లగా అన్నయ్యా! మా ఇంట్లోనూ అతిథి ఉంది. నిద్రపోతోంది."

"ఎండ నడినెత్తికి వస్తుంటే నిద్రేమిటి?"

"తనంతట తను లేచేదాకా లేపొద్దంది. మా అతిథి, మా ఇష్టం."

"ఏ మహారాణో! మొగుడు బాగా సంపాదిస్తున్నాడు కాబోలు."

"ఆ, సంపాదనకేం! చాకిరీ ఆవిడది, పేరు ఆయనది."

అప్పుడే గది తలుపు తెరుచుకుంది. జుట్టు ముడేసుకుంటూ, ఆవలిస్తూ బయటికొచ్చింది అతని భార్య.

"నువ్వా! ఇక్కడేం చేస్తున్నావ్? ఇంటికి నడు, అక్కడ పెద్దాయన..."

ఆమె అతని వైపైనా చూడలేదు. "వదినా, కాస్త టీ ఇప్పిస్తారా?" అని కుర్చీలో కూర్చుంది.

"మా అతిథి మీద గొంతు లేపకు అన్నయ్యా," అంది టైలరమ్మ, దారం కొరుకుతూ. "మీ సంఘం మీకుంది. మా ఆడవాళ్ళ సంఘం వేరే పెట్టుకున్నాం."

అతను నోరు తెరుచుకుని టైలరమ్మ మొగుడి వైపు చూశాడు. ఆయన కళ్ళ నీళ్ళు తుడుచుకుని, కత్తిపీట మీంచి లేచాడు.

"రేపు మా ఆవిడ వంతు బావా. దిగేది మీ ఇంట్లో, వండేది నువ్వు."