సమ్మెలో చేరని సారు

“సమ్మె నడుస్తుంటే బడిల ఎక్కాలు ఎవడు చెప్తుండు?” వెంకటేశ్ సారు గేటు దగ్గర్నుంచే అరిచాడు.

నిచ్చెన మీదున్న కట్టయ్య కుంచె ఆపి వెనక్కి చూశాడు. పాలకుర్తి దగ్గరి ఆ బడి మూతబడి ఇరవై మూడు రోజులైంది. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె. మండలంలోని పంతుళ్ళందరినీ పోగేసి డేరా కింద కూర్చోబెట్టింది ఈ బడి పంతులు వెంకటేశ్ సారే. ఆయనే కన్వీనరు. మూసిన బడిలో పని చేస్తున్నవాడు కట్టయ్య ఒక్కడే, వరండా గోడకు బొమ్మలు వేస్తూ.

“నేను బొమ్మలేసెటోణ్ని సార్. నాకు ఎక్కాలెక్కడియి?”

“మరి గదేంది?”

గోడ మీద మూడు బొమ్మలున్నాయి. కట్టయ్య తాతముత్తాతలు గుడ్డ మీద పటాలు వేసినవాళ్ళు. ఆ పద్ధతిలోనే వెనక ఎర్రరంగు పూసి, చదువు చెప్పడం ఏ కాలంలో ఎట్లా ఉండేదో వరసగా వేశాడు. మొదటిదానిలో జింకచర్మం మీద ముని, ఎదురుగా తాటాకులు పట్టుకున్న శిష్యులు. రెండోదానిలో అరుగు మీద బెత్తంతో పంతులు, కింద ఇసుకలో వేలితో దిద్దే పిల్లలు. మూడోదానిలో కుర్చీలో సారు, నేల మీద పలకలు. పటాల్లో గొప్పవాణ్ని పెద్దగా, తక్కువవాణ్ని చిన్నగా వేస్తారు. మూడింటిలోనూ చెప్పేవాడు గుమ్మమంత ఉన్నాడు, నేర్చుకునేవాడు జానెడున్నాడు. ఇన్ని వందల ఏళ్ళలో మారింది పంతులు కింది పీట ఒక్కటే. పిల్లలకు మాత్రం అదే నేల.

తాటాకు మీదా, ఇసుకలోనూ, పలక మీదా ఒకటే రాసి ఉంది. ఏడో ఎక్కం.

“నిన్న ఆరో ఎక్కముండె. మొన్న అయిదు. రోడ్డుమీద పోయేటోళ్ళు ఫోన్లల్ల ఫోటోలు కొడుతున్నరు. అందరి బడులు బంద్ వెట్టించి తన బడి నడుపుకుంటుండని డేరాల నవ్వుతున్నరు. రేపు ద్రోహి అంటరు నన్ను!”

“నేను పలకలు ఉత్తగనే ఇడిసిపెట్టిన సార్. మీరొచ్చినంక రాయించుకుందామని. ఒకటో తరగతిలనే వెళ్ళగొట్టిన్రు నన్ను. నా పేరు నాకే రాయరాదు.”

బడి పిల్లలకు అన్నం వండే రాధమ్మ వరండాలోనే ఉంది. సారు ఆమె వైపు తిరిగాడు. “తాళంచెవి నీ దగ్గరనే గద?”

“నాకు ఎక్కాలొస్తే పొయ్యికాడ ఎందుకుంట సార్? నీ కుర్చీలనే కూసుందును.” అని రాధమ్మ గొంతు తగ్గించింది. “ఒక్కటి చెప్త, కోపం చెయ్యకు. పొద్దుగాల తాళం తీస్తుంటే సుద్దముక్క గీకిన సప్పుడైంది. వచ్చి చూస్తే ఎవ్వలు లేరు. మూడో బొమ్మల సారు చెయ్యి నిన్న ఒళ్ళె ఉండె. ఇయ్యాల లేసి ఉన్నది.”

కట్టయ్య చూశాడు. నిజమే. తను ఒళ్ళో వేసిన చెయ్యి ఇప్పుడు గాల్లో ఉంది, చూపుడువేలు ఎత్తి. రంగు ఎప్పుడో ఎండిపోయింది. ఆ వేలి కొసను తాకితే కట్టయ్య వేలికి తెల్లగా సుద్దపొడి అంటింది.

“తుడువు గా సారును,” అన్నాడు వెంకటేశ్.

“వద్దు సార్. కండ్లు తెరిచిన.”

“అంటే?”

“మా పనిల కండ్లు ఆఖరికి పెడుతం. పెట్టినంక పానమొచ్చినట్టే. గుడ్డ పటం పాతవడితే, మనిషి పోయినట్టే సాగనంపి ఏట్ల కలుపుతం. గోడను ఏ ఏట్ల కలపాలె?”

“సమ్మెల చేరనోణ్ని ఒక్కణ్ని ఇడిసిపెట్టలేదు నేను. బొమ్మకొక లెక్కనా?”

వెంకటేశ్ తనే సున్నం బకెట్టు అందుకున్నాడు. ముందు ముని. తర్వాత బెత్తం పంతులు. ఆఖరికి కుర్చీలో సారు. ఒళ్ళు ఒక్క పూతకే పోయింది. కళ్ళు పోలేదు. పూసినకొద్దీ సున్నం కింది నుంచి చూపు పైకి తేలుతోంది. నాలుగో పూతకు మాసిపోయింది. దాంతోపాటే తాటాకు మీది రాత, ఇసుకలోది, పలకలది కూడా మాయమైంది.

“చూసినవా? బంద్ అంటే బంద్!” సారు చేతులు దులుపుకున్నాడు.

“సార్,” అంది రాధమ్మ. “పిల్లలు.”

పక్కకు తిరిగి పంతుళ్ళను చూస్తున్నట్టు వేసిన పిల్లలు. మూడు బొమ్మల్లోనూ ఇప్పుడు ఎదురుగా తిరిగి ఉన్నారు. అందరి చూపూ వెంకటేశ్ సారు మీదే.

“ఎండకు నీ కండ్లు తిరుగుతున్నయి,” అన్నాడు సారు గోడ వైపు చూడకుండానే. “నడువుండ్రి డేరాకు. మీ నోటితోనే చెప్పాలె, మా బడి బంద్ ఉన్నదని.”

చౌరస్తాలో డేరా కింద రెండు వందల మందికి తక్కువ లేరు. పత్తి చేన్ల నుంచి వచ్చిన రైతులు, ఆటోల వాళ్ళు, పంతుళ్ళు. వెంకటేశ్‌ను చూడగానే ఎవరో అన్నారు, “ఏడో ఎక్కం సారొచ్చిండు!” డేరా అంతా నవ్వింది.

సారు మైకు లాక్కున్నాడు. “అన్నలారా, అక్కలారా! ఇయ్యాల నుంచి మా బడిల ఒక్క అక్షరం నడువది. గోడ మీది బొమ్మను కూడ సమ్మెల కలిపిన!”

చప్పట్లు పడ్డాయి. ఆయన ముఖం ఇన్నాళ్ళకు తేటపడింది. జై తెలంగాణ అనడానికి పిడికిలి పైకెత్తాడు.

పిడికిలి దానంతట అదే విడింది. చూపుడువేలు ఒక్కటే నిలబడింది.

“ఎనిమిదొకట్ల ఎనిమిది,” అన్నాడు వెంకటేశ్ సారు.

బెదిరిపోయి ఎడమచేత్తో నోరు మూసుకున్నాడు. డేరాలో ఎవరూ నవ్వలేదు. నెరిసిన మీసాల రైతులు, ఆటోల వాళ్ళు, పంతుళ్ళు, రాధమ్మ, ఒక్క ఎక్కమూ రాని కట్టయ్య, అందరూ నేల మీద బాసింపట్టు వేసుకుని, ఏడేళ్ళ పిల్లల గొంతులతో ఒక్కసారిగా అందుకున్నారు:

“ఎనిమిది రెండ్ల పదహారు!”