సొర దొరికిన చోటు

గిలకలదిండి రేవులో ఇసుక మీద పడి ఉన్న సొరచేపను వందన తల నుంచి తోక దాకా కొలిచి, కెమెరాలో రీలు అయిపోయేదాకా ఫొటోలు తీసింది. ఇలాంటి సొర బందరు తీరంలో ఉన్నట్టు ఇంతవరకూ ఎవరూ రాయలేదు. పరిశోధక విద్యార్థినిగా తనకిదే మొదటి కొత్త చేప.

"ఎక్కడ పడింది బాబాయ్?" అని దాన్ని పట్టిన యలమందను అడిగింది.

"సముద్రంలోనేనమ్మా. చేలో పడుద్దా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వి, ఎవరి పడవల దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు. అతను ఒక్కడే వల మడతపెట్టుకోసాగాడు. వందన రెండో కొస పట్టుకుంది.

"చోటు రాయకపోతే ఎవరూ నమ్మరు బాబాయ్. ఎక్కడి నుంచో తెచ్చారంటారు."

"చెబితే నన్ను రేవుకి రానివ్వరు. మనిషి పోయిన చోట ఏడాది దాకా వల వెయ్యకూడదు. నేను వేశాను."

ఆమె తన కొస తెచ్చి అతని చేతికిచ్చింది.

అది అందుకుని అతనే అడిగాడు. "రాస్తే ఏమవుద్ది?"

"మా పరిశోధకులు పెద్ద ఓడలో వస్తారు. ఇంకా ఉన్నాయేమోనని అక్కడంతా వెతుకుతారు."

"అడుగుదాకానా?"

"అడుగుదాకా."

యలమంద వల కింద పెట్టేశాడు.

"పాలకాయతిప్పకి ఎదురుగా, ఏరు కలిసే చోటు దాటి తూర్పుకి. రాసుకో. వాళ్లొచ్చిన రోజు నాక్కూడా కబురు చెయ్యమ్మా. నేను వల వేసింది చేపల కోసం కాదు. మా తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నాడు."