తువాలు కింద బేరం

ఒంగోలులో ఇప్పుడు ఇంటింటికీ షేరు ధర ఉంది. వంటింటి గోడ మనుషుల మాట, దగ్గు, నడక పసిగట్టి క్షణక్షణం ఆ ధర మార్చేస్తుంది. ఇంట్లో ఎవరికైనా నలతగా ఉందని తెలిస్తే ఆ షేర్లు కొనే నాథుడుండడు. ఆస్పత్రివాళ్ళేమో షేర్లు అమ్ముకుని వస్తేనే గేటు తీస్తారు.

తెల్లారినప్పటి నుంచి శేషారత్నానికి కాలు నిలవడం లేదు. అట్టు తిరగేస్తూ గోడకేసి ఒకసారి, మొగుడికేసి ఒకసారి చూస్తోంది.

"కాఫీ చల్లారిపోతంది, తాగవయ్యా."

కోటిలింగం ఒకప్పుడు పశువుల సంతలో దళారి. ధర బయటికి పొక్కకుండా తువాలు కింద వేళ్ళు పట్టుకుని ఎడ్ల బేరం కుదిర్చేవాడు. ఇప్పుడు తన గుండెనొప్పి సంగతి పెళ్ళానికి అలాగే చెబుతున్నాడు. ఒక వేలు పట్టుకుంటే ఓర్చుకోగలనని. నిన్న మూడు పట్టుకున్నాడు.

ఇవాళ ఆమె చేతిని తువాలు కిందికి లాక్కుని అయిదు వేళ్ళూ బిగించి పట్టుకున్నాడు.

గోడ మీద అంకె మాత్రం పైకి లేచింది. ఈ వయసులోనూ చేతులు పట్టుకుని కూర్చునే జంట అనుకుంది కాబోలు గోడ!

ఆమె రెండో చేత్తో ఫోను తీసి షేర్లన్నీ అమ్మకానికి పెట్టింది. పెట్టీ పెట్టగానే ఎవరో కొనేశారు. ఆ వెంటనే ఫోనులో చీరాల చెల్లెలి గొంతు.

"అక్కా! బావ కులాసాగా ఉన్నాడన్నమాట! ధర అట్టా లేస్తంటే ఆగలేకపోయా. పిల్లదాని చదువుకి దాచిందంతా పెట్టి మీ షేర్లు నేనే కొన్నా!"

నిజం చెప్పబోయిన శేషారత్నం గోడకేసి చూసి నోరు మూసుకుంది.