ఎంతండీ గారికి పాత ధరే

“నూనె ఎంతండీ?”

కౌంటరు అవతల నిలబడిన మనిషిని చూడగానే కొట్టు వదిన గొంతు దానంతటదే మెత్తబడింది.

“నూట ఇరవై బాబూ.”

పొద్దున్నే అదే ప్యాకెట్టు పక్కింటి టీచరుకి నూట అరవైకి అమ్మింది. టీచరు మొహం మాడ్చుకుని, అర లీటరు ప్యాకెట్టు లేదా అని కూడా అడిగింది.

“నిజంగానాండీ? పెరగలేదా?”

“పాత ధరే.”

అతను తలూపాడు. పంచదార ఎంతండీ, సబ్బు ఎంతండీ, పాలపొడి ఎంతండీ అని వరసగా అడిగాడు. అన్నిటికీ వదిన నిరుటి ధరే చెప్పింది. ఎప్పటిలాగే అతను ఏమీ కొనలేదు. గుమ్మం బయట నిలబడి ఫోనులో ఏవో లెక్కలు చూసుకుని, కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

పేటలో అందరూ ఆవిడను కొట్టు వదిన అంటారు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఈ మనిషికి ‘ఎంతండీ గారు’ అని పేరు పెట్టింది ఆవిడే. నెలకోసారి వస్తాడు. కాలరు చిరిగిన చొక్కా, అరిగిపోయిన చెప్పులు. మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ అసలు ధరే చెప్పింది. అతను ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, నిట్టూర్చి, ఉన్నచోటే పెట్టేశాడు. ఆ నిట్టూర్పుకు ఆవిడ ప్రాణం ఉసూరుమంది. పాపం, ఉద్యోగం పోయినట్టుంది, ఇంట్లో పసిపిల్లలున్నారో ఏమో అనుకుంది. ఆ పై నెల నుంచీ అతనికి పాత ధరే.

ఒకసారి పంచదార పొట్లం ఊరికే చేతిలో పెట్టబోయింది. అతను నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగాడు.

“వద్దండీ. నేను తీసుకోకూడదండీ.”

ఎంత అభిమానం గల మనిషో అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అంతటితో ఆగిందా! కూరగాయలాయన దగ్గరకూ, పాల దుకాణం అమ్మాయి దగ్గరకూ, బట్టల కొట్టు బాబాయి దగ్గరకూ వెళ్ళి మరీ చెప్పింది.

“ఎంతండీ గారొస్తే పాత ధరే చెప్పండి. కొన్నాడా, తేడా నేనిచ్చుకుంటాను.”

అతను ఎక్కడా కొనలేదు గనుక ఎవరికీ పైసా నష్టం లేదు. పేట పేటంతా ఖర్చులేని పుణ్యం మూటగట్టుకుంది.

పుణ్యంతో వదినకు పనే ఉంది. కొట్టు వెనక గదిలో అత్తగారు మంచం పట్టి ఉంది. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆక్సిజన్ మిషను పగలూ రాత్రీ గుర్రుమంటూ ఉంటేనే ఆవిడకు ఊపిరి. మిషను అద్దెది. అద్దె మావగారి పింఛనులోంచి పోతుంది. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఏడాదిలో అద్దె రెండుసార్లు పెరిగింది, పింఛను ఎక్కడిదక్కడే ఉంది. కొట్టు మీద నెట్టుకొద్దామంటే, ధరలకు జడిసి జనం సగం సరుకులు కొనడమే మానేశారు.

ఆశంతా పింఛను పెంపు మీదే. ఏ ఊళ్ళో ధరలు ఎంత మేరకు పెరిగితే ఆ ఊరివాళ్ళ పింఛను అంత మేరకు పెంచాలని ప్రభుత్వం రూలు.

“ఈసారి పెంచక చస్తారటమ్మా? నూనె ఒక్కటి చాలదూ!” అని మావగారు ధీమాగా మిషను కంపెనీవాణ్ణి బతిమాలి గడువు తెచ్చుకున్నారు.

పెంపు ప్రకటించే రోజు వచ్చింది. మామా కోడళ్ళు కౌంటరు దగ్గరే కూర్చుని టీవీ పెట్టారు. ఒక్కో ఊరి పేరూ, ఆ ఊరి పెంపూ చదువుతున్నారు. తమ ఊరు ఆఖరున వచ్చింది. ఏడాదంతా ధరలు నిలకడగా ఉన్న ఊరు ఇదొక్కటేనట. మంత్రిగారు ఇక్కడి అధికారులను ప్రత్యేకంగా మెచ్చుకున్నారట. పెంపు సున్నా.

మావగారు రిమోటు నొక్కి టీవీ కట్టేశారు.

“ఏసీ గదుల్లో కూర్చుని కాకిలెక్కలు వేస్తారు,” అన్నారు.

వదిన శివాలెత్తింది. “వీళ్ళ మొహాలు మండ! ఒక్కడంటే ఒక్కడు నా కొట్టుకొచ్చి ధర అడిగాడా?”

గడువు తీరింది. కంపెనీవాళ్ళు వచ్చి మిషను పట్టుకుపోయారు. అత్తగారిని సర్కారు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ వార్డు మొత్తానికి ఒకటే మిషను, రోగులకు వంతులవారీగా పెడతారు. అత్తగారి వంతు తెల్లవారుజామున రావాలి. ఆవిడ అందాకా ఆగలేకపోయింది.

మళ్ళీ కొట్టు తెరిచిన రోజున వెనక గదిలో చప్పుడు లేదు. ఇన్నాళ్ళూ ఆ మోతకు విసుక్కున్న వదినకు ఇప్పుడు అది వినపడకపోతే ఏడుపొస్తోంది. మావగారు ఖాళీ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఎంతండీ గారు గుమ్మంలో కనిపించాడు. అతను నోరు తెరవకముందే వదిన అలవాటుగా అంది.

“నూనె నూట ఇరవై బాబూ. పాత ధరే.”

“ఇవాళ అడగడానికి రాలేదండీ. వేరే ఊరికి బదిలీ అయింది. మీతో ఓ మాట చెప్పి వెళదామని...”

“బదిలీనా? అంటే నీకు ఉద్యోగం దొరికిందా బాబూ!” అన్ని రోజుల తర్వాత ఆవిడ ముఖంలో నవ్వు కనిపించింది. “పోనీలే నాయనా, ఒక్కరికైనా మంచి జరిగింది.”

అతను మొహమాటంగా చెప్పుల వంక చూసుకున్నాడు.

“ఉద్యోగం మొదటి నుంచీ ఉందండీ, మేమెవరమో తెలిస్తే కొట్లవాళ్ళు నిజం ధర చెప్పరని బయటపడకూడదు గానీ, ఈ ఊరి ధరలంటూ నెలనెలా నేను సర్కారుకి పంపింది మీ పేటలో మీరంతా చెప్పినవేనండీ.”