పాలసీలో లేని గది

వెనక గదిలో అత్తయ్యకు జడ వేస్తుంటే గోడలోని స్పీకర్లోంచి మా ఇంటి బీమా పాలసీ పలికింది. "వెనక గదికి ఇప్పటి నుంచి బీమా వర్తించదు."

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఇంట్లో ఏది పాడవబోతోందో కంపెనీకి ముందే తెలుస్తుంది. తెలియగానే దాన్ని పాలసీలోంచి తీసేస్తుంది, కారణం మాత్రం చెప్పదు. పోయిన నెల ఎదురింటి సులోచన గారి బాత్రూమ్‌ని పొద్దున తీసేసింది. సాయంత్రానికి గీజర్ పేలింది.

మా ఆయన పరుగున వచ్చి మంచం కింద వెతికాడు. "అమ్మా, చుట్టలెక్కడ దాచావు?"

"అవి మానేసి ఏళ్లయింది. ఏదొచ్చినా నామీదకే తోస్తారేంట్రా?" అంది అత్తయ్య.

దేవుడి దీపం కొండెక్కించి, ఇద్దరం ఆవిడని కుర్చీతో సహా హాల్లోకి మోసుకొచ్చాం.

"వెనక గదికి బీమా వర్తిస్తుంది. హాలుకి వర్తించదు."

ఆయన తల్లి వంక అలాగే చూస్తుండిపోయాడు.

"నేనేం చేశాన్రా?" అంది అత్తయ్య, ఈసారి మెల్లగా.

"కంగారు పడకండత్తయ్యా, మంచినీళ్లు తెస్తాను," అని వంటగదిలోకి వెళ్లాను. స్టవ్ ఆపేసే ఉంది. గ్లాసు నింపాను.

"హాలుకి బీమా వర్తిస్తుంది. వంటగదికి వర్తించదు."

వంటగదిలో ఉన్నది నేనొక్కదాన్నే. వెనక గదిలో జడ వేసిందీ, హాల్లోకి కుర్చీ మోసిందీ నేనే.

గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. ఆయన నా మొహం చూడకుండా తల్లి కుర్చీని వెనక్కి లాగాడు.

"వరాలూ, నువ్వక్కడే ఉండు," అన్నాడు.

అత్తయ్య చెయ్యి ఇంకా నీళ్ల కోసం చాచే ఉంది.