గ్లాసుడు మంచినీళ్లు

“ముందు వాసన సూడండి సార్, తరవాత మాటాడండి!” అంటూ నూకాలు నీళ్ల బిందెను తెచ్చి కార్పొరేటర్ పోలిరాజు ముక్కు కిందే పెట్టింది.

పోలిరాజు రెండడుగులు వెనక్కేసి ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. వన్‌టౌన్‌లోని ఆ ఇరుకు సందులో షామియానా వేయించి, హార్బరు బొగ్గుదుమ్ము తుడిపించి కుర్చీలు సర్దించి, వార్డులో చేయించిన పనులన్నీ జనానికి చెప్పుకోవడానికి వచ్చాడాయన. వీధి దీపాలన్నీ వెలుగుతున్నాయన్నాడు. దోమల మందు కొట్టించానన్నాడు. అక్కడిదాకా జనం ఓర్చుకున్నారు. మంచినీళ్ల పైపు మార్పించేశాం, ఆ సమస్య ఇవాళ్టితో సరి, ఫైలు మూసేస్తున్నాం అన్నాడు చూశారూ, అక్కడ తిరగబడ్డారు.

“ఏ పైపు మార్సినారు? ఇప్పటికీ మురుక్కాలవలోంచే కదేటి వత్తంది!” చేపల గంప పక్కన పెట్టి మరీ అరిచింది నూకాలు. “నీళ్లు అంత మంచివైతే మీ బావమరిది నీళ్ల టిన్నుల ఆటో రోజూ మా సందులో ఎందుకు తిరగతంది?”

షామియానా కింద నవ్వులు లేచాయి. పోలిరాజుకి చిర్రెత్తుకొచ్చింది. కానీ ఎదురుగా అనుచరుడు అర్జునరావు ఫోన్ పట్టుకుని లైవ్ పెడుతున్నాడు. మొహానికి నవ్వు పులుముకోక తప్పలేదు.

గోడకానుకుని నిలబడ్డ జమాలున్నీసాకి ఆ నవ్వు చూసి ఒళ్లు మండిపోయింది. ఇంట్లో మనవరాలు ఫిజా కామెర్లతో మంచం పట్టి ఉంది. నీళ్ల వల్లే వచ్చిందన్నాడు డాక్టరు. ఆ రోజే కుళాయి నీళ్లు మాన్పించి టిన్ను నీళ్లకి మారింది ముసలామె. అయినా పిల్ల కళ్లలో పచ్చదనం వదలడం లేదు. వీడేమో సమస్య తీరిపోయిందంటాడు, ఫైలు మూసేస్తానంటాడు! థూ, ఏం బతుకులురా మీవి అనుకుంది.

“మంచివేనంటన్నారు కదా, ఓ గ్లాసుడు తాగి సూపించండి!” అంది నూకాలు. తాగమను, తాగమను అని సందంతా అందుకుంది.

“తాగుతానమ్మా, నాకేం భయమా?” పోలిరాజు చెయ్యెత్తాడు. “కానీ నీ బిందెలో ఏం కలిపావో నాకేం తెలుసు? ఇది కుళాయి వచ్చే వేళే కదా. మన జమాలున్నీసా మామ్మగారింట్లోంచి పట్టుకొస్తే తాగుతాను. ఆవిడ అబద్ధమాడదని మీ అందరికీ తెలుసు.”

జమాలున్నీసా ఇంట్లోకి నడిచేసరికి వెనకాలే అర్జునరావు దూరాడు, ఫోన్ ఇంకొకడి చేతిలో పెట్టి. సంచీలోంచి సీలు తియ్యని మినరల్ వాటర్ సీసా బయటికి తీశాడు.

“మామ్మా, గ్లాసులో ఈ నీళ్లు పొయ్యి. అడిగితే కుళాయివని సెప్పు. నీ ఇంటి పట్టా సంగతి సార్‌తో నాను మాటాడతాను.”

“పోయడం సాలదా? అబద్ధం కూడా నాసేతే ఆడించాలా నాయనా?”

“ఏటయిపోద్ది మామ్మా, ఒక్క గ్లాసేగా! బేగి తే” అంటూ వెళ్లిపోయాడు.

జమాలున్నీసా ఆ సీసాని అసహ్యంగా పక్కన పెట్టింది. ఎంత సిగ్గులేని జాతి! కసిగా గ్లాసు తీసుకెళ్లి కుళాయి కింద పెట్టింది. తాగించేస్తే తిక్క కుదురుతుంది అనుకుంది. టీ రంగు నీళ్లు, పైన నురగ, మరుగుదొడ్డి కంపు. ఆమెకి చెయ్యి రాలేదు. గుమ్మం ముందుకొచ్చినవాడు పగవాడైనా సరే, తాము తాగని నీళ్లు మనిషికి ఇచ్చిన ఇల్లు కాదది. గ్లాసు పారబోసి, తోమి కడిగింది.

“దాదీ, పానీ...” లోపలి గదిలోంచి ఫిజా మూలిగింది.

కాసేపటికి నిండు గ్లాసుతో జమాలున్నీసా షామియానా కిందికి వచ్చింది. పోలిరాజు దాన్ని అందుకుని, ఫోన్ వైపు తిరిగి, గటగటా తాగేసి ఖాళీ గ్లాసు బోర్లించి చూపించాడు.

“అమృతం! ఇంకా ఎవరికైనా అనుమానముందా?”

నూకాలు తన బిందె వంక చూసుకుని తెల్లబోయింది.

“చెప్పండి మామ్మగారూ, కుళాయి నీళ్లే కదా?”

“అబద్ధం నా నోట రాదు బాబూ” అంది జమాలున్నీసా. “మీవోడు రహస్యంగా సీసా నీళ్లిచ్చాడు, గ్లాసులో పోసి కుళాయివని సెప్పమన్నాడు. అవి మా పిల్లకి పట్టేశాను. జబ్బు పిల్ల కదా.”

సందు సందంతా గొల్లుమంది. అర్జునరావు తల దించుకున్నాడు. పోలిరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మరి... మరి నేను తాగినవి? కుళాయివా?”

“యా అల్లా! ఇంటికొచ్చిన మనిషికి ఆ మురుగు ఎలాగిత్తాను? భయపడకండి బాబూ. రోజూ మా ఫిజాకి పట్టే నీళ్లే ఇచ్చాను. మీ బావమరిది టిన్నులోవే.”

“హమ్మయ్య, ఐతే పర్లేదులే!” అంది నూకాలు.

పోలిరాజు మాత్రం లైవ్ నడుస్తోందన్న సంగతి కూడా మరిచిపోయి, మురుగుకాలవ దగ్గరికి పరుగెత్తి గొంతులో రెండు వేళ్లు పెట్టుకున్నాడు.