తువ్వాలు వేసిన కుర్చీ

ఓడ పై అంతస్తులో, నీడపట్టున, అంచు కమ్మీ పక్కనే ఉన్న ఆ ఒక్క కుర్చీ పొద్దుటి నుంచీ ఖాళీగా ఉంది.

ఖాళీ అంటే మరీ ఖాళీ కాదు. దాని మీద ఎర్ర గళ్ల తువ్వాలు పరిచి ఉంది.

పక్కనే తెల్లచీర కట్టుకున్న ముసలామె కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. తను కూర్చోదు. ఇంకొకరిని కూర్చోనివ్వదు.

నరేంద్రబాబుకు అదే ఒళ్లు మండించింది. టిఫిన్‌కు ముందు చూశాడు, టిఫిన్ అయ్యాక చూశాడు. తువ్వాలు అలాగే ఉంది.

"తువ్వాలేస్తే సీటు సొంతమైపోద్దా? ఇదేమన్నా గూడూరు బస్సా?" అన్నాడు భార్య వెన్నెలతో.

"పోనీలేండి. లోపలవైపు కుర్చీలున్నాయి గదా."

"లోపల కూర్చుంటే ఏం కనపడద్ది, గోడా?"

అతని కోపానికి కారణం ఉంది. విశాఖపట్నం నుంచి చెన్నై వెళ్లే ఈ ఓడ సాయంత్రానికి నెల్లూరు తీరం పక్కగా సాగుతుంది. అతని తల్లి వెంకటశేషమ్మ ఓడ ఎక్కిందే అందుకు. తండ్రి చెంచురామయ్య అస్థికలను పెన్న సముద్రంలో కలిసేచోట కలిపారు. ఆడవాళ్లు రాకూడదని ఆ రోజు ఆమెను ఇంట్లోనే ఉంచారు.

"మీ నాయన్ను కలిపిన తావు దూరం నుంచైనా చూపించరా" అని అప్పటి నుంచీ అడుగుతోంది. కొడుకును ఆమె కోరిన కోరిక అదొక్కటే. మోకాళ్లు అరిగిపోయాయి. ఇసుకలో నడవలేదు, కాసేపైనా నిలబడలేదు. అందుకే ఓడ టికెట్ తీశాడు.

భోజనాల దగ్గర ఆమె ఏదో చెప్పబోయింది.

"పైన కూర్చునేదానికి, నరేంద్రా..."

"నేను చూసుకుంటా గదమ్మా. నువ్వు రూములో పడుకో. తీరం కనపడంగానే వచ్చి తీసకపోతా" అని మాట తుంచేశాడు.

ఎండ తగ్గే వేళకు పడమటి అంచున ముత్తుకూరు కరెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు సన్నగా కనిపించాయి. కుర్చీ మీద తువ్వాలు కదల్లేదు. నరేంద్రబాబు నేరుగా ముసలామె దగ్గరికి వెళ్లాడు.

"ఎవురిదీ కుర్చీ?"

"ఒకామె వస్తాది అబ్బయా. కూర్చోబెడతానని మాటిచ్చినా."

"ఎవురామె?"

"పేరు అడగలా."

"రూము నెంబరు?"

"అదీ తెలీదు."

చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు.

"పేరు తెలీదు, రూము తెలీదు. మనుషులేమో నిలబడుకోనుండాలి, గుడ్డ కూర్చోనుండాలి. మేమూ టికెట్ కొనుక్కోనే ఎక్కినాం."

"ఇంకాసేపు ఓపిక పట్టు అబ్బయా. వచ్చేస్తాది."

"నువ్వన్నా కూర్చోనుంటే పెద్దదానివిలే అని ఊరుకుందును."

"అవును సార్, పొద్దుట్నుంచీ మేమూ చూస్తానే ఉన్నాం" అన్నాడు పక్కనున్న ఒకతను.

"ఇట్టాంటోళ్లను ఓడెక్కిస్తే ఇంతే" అని ఇంకెవరో గొణిగారు.

నరేంద్రబాబుకు బలం వచ్చింది. ఓడ సిబ్బందిలో ఒకతన్ని పిలుచుకొచ్చాడు. మనిషి లేకుండా కుర్చీని ఆపిపెట్టకూడదని అక్కడ బోర్డే ఉంది. ఆ వచ్చినతను తువ్వాలు తీసి ముసలామె చేతికిచ్చాడు. పద్ధతి ప్రకారం జరిగిన పని, వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

ఆమె తువ్వాలు మడిచి భుజాన వేసుకుంది. కమ్మీ వదిలి నడిచినప్పుడు గానీ తెలియలేదు, ఆమె కుడికాలు ఈడుస్తోందని.

"ఆమె వస్తే నువ్వన్నా కూర్చోబెట్టు అబ్బయా. నిలబడలేదు" అంది పోతూ.

"ముందు మా అమ్మ కూర్చోవాల" అన్నాడు నరేంద్రబాబు. వెన్నెల తల దించుకుంది.

లిఫ్టులో తల్లిని పైకి తెచ్చి, మహారాణిలా ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఆ గొట్టాలు కనపడతన్నాయి గదా. వాటికి కుడిచేతి పక్క, ఆ నల్లగీత కాడే నాయన్ను కలిపింది."

వెంకటశేషమ్మ చాలాసేపు అటే చూసింది. "ఈడున్నావా" అని తనలో తను అనుకుని, చేతులు జోడించింది. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే కొడుక్కి కూడా కళ్లు చెమ్మగిల్లాయి.

మసక పడేసరికి తీరం వెనక్కి పోయింది. పొగగొట్టాల మీద ఎర్ర దీపాలు కూడా ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి.

అప్పుడు చెప్పుకున్నాడు తన గొప్ప.

"ఈ కుర్చీ కోసం ఎంత పోట్లాడినానో తెలుసామ్మా? ఎవురో ముసలామె పొద్దుట్నుంచీ తువ్వాలేసి పెట్టింది. తీయించి పంపించినా."

వెంకటశేషమ్మ మెల్లగా తల తిప్పింది.

"ఎర్ర గళ్ల తువ్వాలా?"

"నీకెట్టా తెలుసు?"

"ఎలిశబెతమ్మ రా ఆమె. చర్చి వాళ్లతో కలిసి వచ్చిందంట. రాత్రి లిఫ్టు కాడ కాళ్లు నొప్పులని ఇద్దరం కూలబడితే మాటలు కలిసినాయి. ఆమె పెనిమిటి చేపల వేటకు పోయి ఈ సముద్రంలోనే పోయినాడంట. యాడ పోయినాడో తావు తెలీదంట. ‘నీకు తావు తెలుసు గదక్కా, కూర్చోని తీరిగ్గా చూసుకో, కుర్చీ నేను పట్టిపెడతా’ అనింది. మధ్యాహ్నం నీకు చెప్పబోతే వింటివా?"

నరేంద్రబాబు వెనక్కి తిరిగి చూశాడు. మెట్ల దగ్గర ఎవరూ లేరు. నవ్విన నలుగురూ ఎప్పుడో భోజనాలకు వెళ్లిపోయారు.

"మరి, ఆమన్నా కూర్చోలేదేమ్మా? పొద్దుట్నుంచీ నిలబడే ఉండాది" అన్నాడు.

"నేనూ అదే చెప్పినా. నీ కాలూ బాగలేదు గదా, నేనొచ్చిందాకా నువ్వే కూర్చో అన్నా. ‘నేను కూర్చోనుంటే లెయ్యమనేదానికి నీకు మొహమాటంగా ఉంటాదక్కా, తువ్వాలైతే తీసి నా చేతికిస్తే చాలు’ అనింది."